హాఫ్ మ్యాచ్ మార్పిడి, సగం డోసు ట్రయల్: ఫారం మీద సంతకానికి ముందు

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. ఏఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. మొదటి కీమోతో రిమిషన్‌లోకి, అంటే జబ్బు ఆనవాళ్లు కనిపించని స్థితికి, వచ్చాడు. మళ్లీ తిరగబెట్టకుండా బోన్ మ్యారో మార్పిడి చేయించమన్నారు. నాకు పరీక్ష చేస్తే హాఫ్ మ్యాచ్ అని వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక ట్రయల్ ఉందంటున్నారు. మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ మామూలు డోసు ఇవ్వాలా, సగం డోసు ఇవ్వాలా అన్నది కంప్యూటర్ తేలుస్తుందట. ఒక లావుపాటి ఫారం ఇచ్చి ఆలోచించుకోమన్నారు. మా తమ్ముడి మీద ప్రయోగం చేస్తున్నారేమోనని ఇంట్లో అందరికీ భయంగా ఉంది. ట్రయల్ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. నాన్న సంతకం పెడితే సరిపోతుందా? నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నా బరువు 58 కిలోలు, తమ్ముడు 60 కిలోలు. అమ్మానాన్నలది మేనరికం. డోనర్‌గా ఇస్తే నాకేమైనా అవుతుందా?
— ఒక అక్క, నల్గొండ జిల్లా

సమాధానం:

ముందు సంతకం సంగతి. మీ తమ్ముడు మేజరు, తన గురించి తాను నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నాడు. అతని బదులు నాన్నగారు పెట్టే సంతకం చెల్లదు. భయపడతాడని జబ్బు సంగతి దాచిపెట్టడం మన ఇళ్లలో మామూలే, అది ప్రేమతో చేసేదే. ఇక్కడ మాత్రం అది అతనికే చేటు చేస్తుంది. మార్పిడి తర్వాత మూత్రం ఎర్రగా వచ్చినా, అరచేతుల మీద దద్దుర్లు లేచినా, విరేచనాలు పెరిగినా ముందుగా గమనించి చెప్పాల్సింది అతనే. ఏ మందు ఎంత తీసుకున్నాడో, దేని కోసం చూస్తున్నారో తెలియని మనిషి అవి సమయానికి చెప్పలేడు. ఫారం తెలుగులో అడగండి, ఇంటికి తెచ్చుకోండి, అతనితో చదివించండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు అతన్ని పక్కన కూర్చోబెట్టండి.

ఇక ప్రయోగం అన్న భయం. ట్రయల్‌లో చేరినా చేరకపోయినా మీ తమ్ముడికి జరగబోయేదానిలో చాలా భాగం మారదు. ఏది మారదు, ఏది మారుతుంది, మారినదాని వల్ల చెడు జరిగితే ఎవరు చూసుకుంటారు, ఈ వరుసలో ఫారం చదివితే సగం గందరగోళం పోతుంది.

మారనిది ఇదీ. ముందు కండిషనింగ్ అని ఐదారు రోజులు కీమో, కొన్నిచోట్ల దానితోపాటు తక్కువ మోతాదు రేడియేషన్ ఇచ్చి, అతని మజ్జను ఖాళీ చేస్తారు. తర్వాత మీ మూలకణాలను రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. ఆ రోజును సున్నా రోజు అంటారు. మీ కణాలు సగమే మ్యాచ్ కాబట్టి వాటితోపాటు వెళ్లే మీ టీ కణాలు (రోగనిరోధక కణాలు) అతని శరీరాన్ని పరాయిదిగా చూసి దాడికి దిగుతాయి. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. చర్మం, పేగులు, కాలేయం ఎక్కువగా దెబ్బతింటాయి. ఇరవై ఏళ్ల క్రితం వరకు హాఫ్ మ్యాచ్‌కి డాక్టర్లు జంకింది ఇందుకే.

దారి చూపించింది సైక్లోఫాస్ఫమైడ్. కణాలు ఎక్కించిన రెండు మూడు రోజులకల్లా దాడికి సిద్ధమైన టీ కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. సరిగ్గా 3వ, 4వ రోజుల్లో ఈ మందు ఇస్తే ఆ దాడిచేసేవి ఎక్కువగా దెబ్బతింటాయి. మూలకణాల్లో ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది, అది మందును విరిచేస్తుంది కనుక అవి బతికి బయటపడతాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్, సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ బృందాలు 68 మంది రోగుల్లో ఈ పద్ధతి ఫలితాలను 2008లో ప్రచురించాయి. ఆ తర్వాత అమెరికాలో హాఫ్ మ్యాచ్ మజ్జనూ, బొడ్డుతాడు రక్తాన్నీ 368 మందిలో పోల్చారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండేళ్లకు బతికి ఉన్నవారు హాఫ్ మ్యాచ్‌లో 57 శాతం, బొడ్డుతాడు రక్తంతో 46 శాతం. 2023లో మరో పెద్ద ట్రయల్ వచ్చింది. అందులోని 431 మందికి హాఫ్ మ్యాచ్ దాతలు కాదు, పూర్తిగానో దాదాపు పూర్తిగానో మ్యాచ్ అయిన దాతలు. వాళ్లలోనూ పాత మందుల కంటే ఈ పద్ధతే మెరుగని తేలింది. ఏడాది తర్వాత ప్రాణంతో ఉండి, జబ్బు తిరగబెట్టకుండా, తీవ్రమైన జీవీహెచ్‌డీ లేకుండా, దీర్ఘకాలిక జీవీహెచ్‌డీకి మందులు వాడాల్సిన అవసరం రాకుండా ఉన్నవారు కొత్త పద్ధతిలో 52.7 శాతం, పాత పద్ధతిలో 34.9 శాతం. హాఫ్ మ్యాచ్ అంటే గతిలేక చేసేది అన్న మాట ఎవరైనా మీతో అంటే, అది పాతకాలపు మాట.

మారేది ఒక్క డోసే. మామూలు డోసు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 3 గ్రాములు, రెండు రోజులకు 6 గ్రాములు. సగం డోసు అంటే కిలోకు 25, అంటే రోజుకు గ్రామున్నర, మొత్తం 3 గ్రాములు. మీ ఫారంలో అంకెలు ఇవేనా, ఇవే రోజులా, చూసుకోండి. కొన్ని ట్రయల్స్‌లో డోసుతోపాటు, రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ మందులు ఆపే తేదీలు కూడా మారుస్తారు. అలాంటప్పుడు తేడా ఒక్కటి కాదు, రెండు. అది స్పష్టంగా అడగాలి.

సగం డోసు ఆలోచన ఎవరో ఖర్చు తగ్గించడానికి పుట్టించింది కాదు. ఈ మందు చాలా చవక. మామూలు డోసుకు ఉన్న ఇబ్బందులే కారణం. తెల్లకణాలు లేచేది ఆలస్యమవుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 దాటడానికి తరచుగా రెండు మూడు వారాలు పడుతుంది, ప్లేట్‌లెట్లకు ఇంకా ఎక్కువ. ఆ ఖాళీ రోజుల్లోనే ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదికి తెస్తాయి. మందు విరిగినప్పుడు పుట్టే ఎక్రోలీన్ మూత్రాశయం పొరను కాలుస్తుంది. అందుకే మెస్నా అనే విరుగుడు, బాగా సెలైన్ ఇస్తారు. అయినా కొందరికి బీకే వైరస్ తోడై మూత్రంలో రక్తపు గడ్డలు పడతాయి. గుండె కండరం మీదా దెబ్బ ఉంటుంది, అది సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో మొదట ఎలుకల్లో, తర్వాత రోగుల్లో తక్కువ డోసు పరీక్షించి చూశారు. రక్తకణాల కౌంట్లు త్వరగా లేస్తాయన్న ఆశ అక్కడి నుంచి వచ్చింది. మరోవైపు, డోసు తగ్గితే జీవీహెచ్‌డీ పెరగవచ్చన్న అనుమానమూ ఉంది. ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువగా ఉండే మన దగ్గర ఏ వైపు మొగ్గు ఉందో తెలియాలంటే రెండు డోసులనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. చీటీ తీసినట్టు కంప్యూటర్‌కి వదిలేయడం దీనికే. డాక్టరు తనకు నచ్చినవారికి నచ్చిన డోసు ఇస్తే, బలంగా ఉన్నవాళ్లంతా ఒకవైపు చేరి లెక్క తప్పుతుంది.

కానీ ఆ చీటీ న్యాయమైనది కావాలంటే, మీ తమ్ముడి విషయంలో రెండు డోసుల్లో ఏదైనా సరే అని డాక్టరు నిజంగా అనుకోవాలి. ఈ మాట మొహమాటం లేకుండా అడగండి: ‘ట్రయల్ లేకపోతే మా వాడికి ఏ డోసు ఇచ్చేవారు, ఎందుకు?’ గుండె ఎకోలో పంపింగ్ తక్కువగా ఉందనో, ఇదివరకటి కీమోతో గుండె దెబ్బతిందనో కారణంగా ఆయన ఒక డోసు వైపే గట్టిగా మొగ్గితే, చీటీకి ఒప్పుకోవద్దు. ‘ఏదైనా పర్వాలేదు, మామూలు డోసే ఇచ్చేవాళ్లం’ అంటే చేరడంలో తప్పు లేదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, గుండె, కిడ్నీ పరీక్షలు బాగుంటే చేరవచ్చనే మా అభిప్రాయం. ట్రయల్‌లో ఉన్నవారి కౌంట్లు, వైరస్ పరీక్షలు, జీవీహెచ్‌డీ గ్రేడు తారీఖుల ప్రకారం రాసిపెడతారు. ఆ క్రమశిక్షణ రోగికి మేలు. అయితే చేరకపోయినంత మాత్రాన అదే ఆసుపత్రిలో వైద్యం తగ్గకూడదు. ‘చేరకపోతే బెడ్ ఇవ్వం’ అని ఎవరైనా అంటే అక్కడ ఆగిపోండి. ఫారం చివర ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ ఫోన్ నంబరు ఉంటుంది, నేరుగా మాట్లాడండి.

ఫారం మొదటి పేజీల్లో సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు వెతకండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ను ఈ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. దాని వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఎంతమంది రోగులు, ఏ ఆసుపత్రులు, ఏ డోసు, ప్రధానంగా ఏం కొలుస్తున్నారు అన్నవి కనిపిస్తాయి. మీ ఆసుపత్రి పేరు, దాని ఎదుట ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నాయో లేదో చూడండి. నంబరే లేకపోతే సంతకం వద్దు. ఒక గుంపులో మరణాలో తీవ్ర జీవీహెచ్‌డీనో హద్దు దాటితే ట్రయల్ ఆపేసే నిబంధన, దాన్ని చూసే స్వతంత్ర కమిటీ ఉన్నాయా అనీ అడగండి.

ఎప్పుడైనా తప్పుకోవచ్చు అని ఫారంలో ఉంటుంది. నిజమే, కానీ దాని అర్థం సరిగ్గా తెలియాలి. కండిషనింగ్ మొదలుకాక ముందు తప్పుకుంటే ఏ నష్టమూ లేదు. మొదలయ్యాక ట్రయల్ నుంచి తప్పుకోవచ్చు గానీ మార్పిడి నుంచి తప్పుకోలేరు. మజ్జ ఖాళీ అయిన మనిషికి కణాలు అందకపోతే కౌంట్లు తిరిగి రావడం అనుమానమే, ప్రాణానికే ముప్పు. 3వ రోజు మందు ఎక్కాక ఇంకో డోసుకు మారడం కూడా కుదరదు. అప్పుడు తప్పుకోవడమంటే అదనపు రక్తపు నమూనాలు ఇవ్వకపోవడం, వివరాలు వాడొద్దనడం మాత్రమే. ఇదే మాట డోనర్‌గా మీకూ వర్తిస్తుంది. మీకు సందేహాలుంటే అవన్నీ కండిషనింగ్‌కి ముందే తీరిపోవాలి. కొన్ని కేంద్రాలు కణాలు ముందే తీసి ఫ్రీజ్ చేసి దాచి, ఆ తర్వాతే కీమో మొదలుపెడతాయి. మీ దగ్గర ఏ పద్ధతో అడగండి.

డబ్బు విషయంలో ముందే కాగితం రాయించుకోండి. ట్రయల్ కోసమే చేసే అదనపు పరీక్షలకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మార్పిడి ఖర్చు మాత్రం మామూలుగా మీదే. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చెబుతున్నాయి. ఇక్కడ చిక్కు ఒకటుంది. మందుల కంపెనీ లేకుండా ఆసుపత్రే సొంతంగా చేసే అకడమిక్ ట్రయల్స్‌లో ఆ భారం ఎవరు మోస్తారో ఫారం చూస్తేనే తెలుస్తుంది. పైగా జీవీహెచ్‌డీ మామూలు మార్పిడిలోనూ వస్తుంది కాబట్టి, ఇది ట్రయల్ వల్ల వచ్చింది కాదు అనడం సులువు. కాబట్టి ప్రశ్న సూటిగా ఉండాలి: సగం డోసు వచ్చి తీవ్ర జీవీహెచ్‌డీ అయితే రుక్సోలిటినిబ్ లాంటి ఖరీదైన మందుల బిల్లు ఎవరిది?

హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఇంకో జాగ్రత్త. నిరూపణ కాని చికిత్సలను పాలసీలు మినహాయిస్తాయి. ట్రయల్ అన్న మాట డిశ్చార్జి సమ్మరీలో కనబడగానే క్లెయిమ్ తిప్పికొట్టే ప్రమాదం ఉంది. రక్తసంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడిని కవర్ చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. మార్పిడి స్థిరపడిన చికిత్సేననీ, ట్రయల్ పోల్చేది ఒక మందు డోసును మాత్రమేననీ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకుని, ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) దరఖాస్తుతోనే జతచేయండి. ఇన్సూరెన్స్ లేకపోతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చుకు ముందుగా ఇచ్చే హామీ పత్రం) సంగతిని అడ్మిషన్‌కి ముందే కనుక్కోండి. 

మేనరికం గురించి మీరు రాసిన ఒక్క ముక్క చాలా పనికొచ్చేది. మ్యాచ్‌ను తేల్చేవి హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువులు, తల్లిదండ్రుల నుంచి చెరొక సెట్ పిల్లలకు వస్తాయి. అందుకే అమ్మ, నాన్న మామూలుగా హాఫ్ మ్యాచే అవుతారు. వాళ్లిద్దరూ బంధువులే అయితే ఒకే సెట్ ఇద్దరిలోనూ ఉండే వీలుంది. అప్పుడు అమ్మగానీ నాన్నగానీ సగం కంటే ఎక్కువ, ఒక్కోసారి పూర్తిగా మ్యాచ్ కావచ్చు. మేనమామలు, వాళ్ల పిల్లల్లోనూ ఆ అవకాశం ఉంటుంది. తోబుట్టువులకు చేసి ఆపేస్తే ఇది తెలియదు. అమ్మానాన్నలకు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించమని అడగండి. పూర్తి మ్యాచ్ దొరికితే ఈ ట్రయల్ ప్రశ్నే మారిపోవచ్చు. దాత్రి, డీకేఎంఎస్ లాంటి దాతల రిజిస్ట్రీల్లో వెతకడం కూడా సమాంతరంగా సాగవచ్చు గానీ దాని కోసం కూర్చోవద్దు. రిమిషన్ ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. మధ్యలో రిమిషన్‌ను నిలిపి ఉంచే కన్సాలిడేషన్ కీమో ఇస్తూ మార్పిడి తేదీ ఖరారు చేసుకోవడమే తెలివైన పని.

మిమ్మల్నే డోనర్‌గా ఖరారు చేసేముందు తప్పకుండా జరగాల్సిన పరీక్ష ఒకటుంది. మీ హెచ్‌ఎల్‌ఏ మీద మీ తమ్ముడి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూడాలి. దీన్ని డీఎస్‌ఏ అంటారు. ఇదివరకు ఎక్కించిన రక్తం, ప్లేట్‌లెట్ల వల్ల అవి పుట్టి ఉండవచ్చు. ఎక్కువ మోతాదులో ఉంటే మీ కణాలు నాటుకోకుండానే నాశనం కావచ్చు. ఈ రిపోర్టు చూడకుండా తేదీ వేయొద్దనండి. ఇంకో మాట, మీరు తల్లి కనుక మీ టీ కణాలకు గర్భాల అనుభవం ఉంటుంది. స్త్రీ దాత నుంచి మగ రోగికి ఇస్తే దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ కొంత ఎక్కువ. అంతమాత్రాన మీరు పనికిరారని కాదు. వయసులో ఉన్న డోనర్ కావడం పెద్ద లాభం. నాన్నగారు 60 దాటి ఉండి, ఆయనకూ మీకూ మధ్య ఎంచుకోవాల్సివస్తే చాలా బృందాలు మీ వైపే చూస్తాయి.

మీకు జరిగేది ఇదీ. మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పించే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ రోజుకు కిలోకు 10 మైక్రోగ్రాముల చొప్పున చర్మం కింద నాలుగైదు రోజులు ఇస్తారు. 58 కిలోలకు 580, అంటే 300 మైక్రోగ్రాముల వయల్స్ రోజుకు రెండు. నడుము, తుంటి, రొమ్ము ఎముకల్లో ఫ్లూ జ్వరంలా నొప్పులు వస్తాయి, పారాసిటమాల్‌తో తగ్గుతాయి. ఎడమ పక్కటెముకల కింద గట్టి నొప్పి వస్తే మాత్రం అది ప్లీహం కావచ్చు, వెంటనే చెప్పాలి. ఐదో రోజు మెషీన్ మీద నాలుగైదు గంటలు. ఒక చేతి నుంచి రక్తం తీసి, మూలకణాలు పట్టుకుని, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తారు. రక్తం గడ్డకట్టకుండా వేసే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గి పెదవుల చుట్టూ చిమచిమలాడుతుంది, అప్పుడే చెబితే కాల్షియం ఇస్తారు. చాలాచోట్ల లక్ష్యం రోగి బరువులో కిలోకు 50 లక్షల మూలకణాలు. మీ తమ్ముడికి దాదాపు 30 కోట్లు. మొదటి రోజు అందకపోతే రెండో రోజు మళ్లీ కూర్చోబెడతారు, దాన్ని చూసి బెదరొద్దు. మీ మజ్జ మళ్లీ పుట్టించుకుంటుంది. దాతల్ని ఏళ్లపాటు గమనించిన పరిశీలనల్లో వాళ్లకు బ్లడ్ క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. మీరు గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. గర్భంతో ఉంటే ఈ ఇంజెక్షన్ వాడకూడదు.

అతని పక్కన ఉండేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన రెండు సంగతులు. సున్నా రోజు నుంచి సైక్లోఫాస్ఫమైడ్ పూర్తయ్యి 24 గంటలు గడిచేదాకా స్టెరాయిడ్ ఇవ్వకూడదు. ఇస్తే మందు దెబ్బ తగలాల్సిన టీ కణాలు విభజన ఆపి తప్పించుకుంటాయి. వాంతులకు అలవాటుగా రాసే డెక్సామెథాసోన్ కూడా స్టెరాయిడే. మొదటి నాలుగు రోజుల్లో వచ్చే పెద్ద జ్వరం చాలాసార్లు మీ టీ కణాల అలజడి వల్లే. యాంటీబయాటిక్స్ ఎలాగూ మొదలుపెడతారు. దానికి డ్యూటీ డాక్టరు ఎవరైనా స్టెరాయిడ్ అంటే ట్రాన్స్‌ప్లాంట్ కన్సల్టెంట్‌కి ఫోన్ చేయమని అడిగే హక్కు మీకుంది. డిశ్చార్జి తర్వాతది రెండో సంగతి. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం ఇచ్చే రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్లాలి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. ఫంగస్ మందులు వొరికొనజోల్, పోసకొనజోల్ దాని లెవెల్‌ను బాగా పెంచుతాయి. వాటిని మొదలుపెట్టినా ఆపినా టాక్రోలిమస్ డోసు సరిచేయాలి. 100 రోజుల దాకా ఆసుపత్రికి గంటలోపు చేరగల చోట గది తీసుకోండి. జ్వరం 100.4 తాకితే తెల్లారేదాకా ఆగొద్దు.

చివరగా, మీరు అడగని విషయం. మీ తమ్ముడికి 29 ఏళ్లు. కండిషనింగ్ తర్వాత పిల్లలు పుట్టే అవకాశం బాగా తగ్గిపోతుంది. మొదటి కీమోతో ఇప్పటికే కొంత తగ్గి ఉండవచ్చు. అయినా వీర్యం పరీక్ష చేయించి దాచిపెట్టుకోవడం ఒకటి రెండు రోజుల పని, ఖర్చు కూడా మార్పిడితో పోలిస్తే చాలా తక్కువ. ఈ మాట మీరు గానీ నాన్నగారు గానీ అతనితో మాట్లాడటం ఇబ్బందైతే డాక్టరుతో చెప్పించండి. తర్వాతి కన్సాలిడేషన్ కీమో మొదలవకముందే, ఈ వారమే అడగండి.